బెంగళూరులో డ్రంక్ అండ్ డ్రైవ్ కేసు: డ్రైవరుకు వైకల్యం ఉంటే ఎలా ఎదుర్కోవాలి?

"నేను తాగలేదు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి మాట తడబడుతుంది, అడుగు తూలుతుంది. రాత్రి తనిఖీలో ఆపి తాగానని కేసు రాశారు. ఇప్పుడేం చేయాలి?" మారతహళ్లి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల తెలుగువారి నుంచి ఈ ప్రశ్న పదేపదే వస్తోంది. పార్కిన్సన్స్, సెరిబ్రల్ పాల్సీ, మల్టిపుల్ స్క్లిరోసిస్, వినికిడి లోపం, మాట లోపం ఉన్నవారికీ, ఊపిరితిత్తుల జబ్బుతో గట్టిగా ఊదలేని వారికీ ఇదే ఇబ్బంది ఎదురవుతోంది.

ఒక్క విషయం మనసులో పెట్టుకుని మిగతాది చదవండి. చట్టం కొలిచేది రక్తంలోని ఆల్కహాలును. మీ నడకనూ మాటనూ కాదు. కాబట్టి మీరు చేయవలసిన పనులు రెండు: ఆ కొలత సరిగ్గా జరిగేలా పట్టుబట్టడం, మీ వైకల్యం ఆ రాత్రే కాగితం మీదికి ఎక్కేలా చూడటం. ఆరు నెలల తర్వాత తెచ్చే డాక్టరు సర్టిఫికెట్టు కంటే ఆ రాత్రి కేసు షీటులో రాయించిన ఒక్క వాక్యం కోర్టులో ఎక్కువ పనిచేస్తుంది.

నిజంగా తాగి నడిపినవారికి వైకల్యం రక్షణ కాదు, కాకూడదు కూడా. ఈ వివరాలు తాగనివారికీ, పరీక్ష సరిగ్గా జరగనివారికీ ఉద్దేశించినవి.

## 1. ముందుగా చట్టాన్ని తెలుసుకోండి

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 185 కింద నేరం కావాలంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటి ఉండాలి. అది బ్రెత్ ఎనలైజర్‌లో గానీ, ప్రయోగశాల పరీక్షతో సహా మరే పరీక్షలో గానీ తేలాలి. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా 15,000 రూపాయలు, లేదా రెండూ.

ఇదే సెక్షన్‌లో రెండో భాగం మత్తు కలిగించే మందుల గురించి. వాటి ప్రభావంతో వాహనాన్ని అదుపు చేయలేని స్థితిలో ఉంటే అదీ నేరమే. కండరాల బిగుతుకో, మూర్ఛకో, నిద్రకో మందులు వాడేవారు ఈ భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మందు వేసుకుని బండి నడపవచ్చో లేదో మీ డాక్టరుతో రాయించుకుని ఉంచుకోండి.

మిగిలిన సెక్షన్లలో మీకు అక్కరకొచ్చేవి:

- సెక్షన్ 202: సెక్షన్ 185 కింద అరెస్టు చేసినవారికి రెండు గంటల్లోగా రిజిస్టర్డ్ డాక్టరుతో పరీక్ష చేయించాలి. చేయించకపోతే కస్టడీ నుంచి వదిలేయాలి.
- సెక్షన్ 203: బ్రెత్ పరీక్ష అడగడానికి సహేతుకమైన అనుమానం ఉండాలి. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ఆమోదించిన రకం పరికరాన్నే వాడాలి. అరెస్టయి స్టేషన్‌కు వచ్చాక అక్కడ మళ్లీ ఊదే అవకాశం ఇవ్వాలి.
- సెక్షన్ 204: బ్రెత్ పరీక్షలో ఆల్కహాలు కనిపించినా, ఊదలేకపోయినా రక్త నమూనా తీసుకోవచ్చు.
- సెక్షన్ 205: పరీక్షకు నిరాకరిస్తే, లేదా నమూనా ఇవ్వలేకపోతే అది మీకు వ్యతిరేకంగా నిలవవచ్చు, "తగిన కారణం" చూపించకపోతే.

ఆ చివరి మాటను గట్టిగా పట్టుకోండి. ఊదలేని వైకల్యం ఉన్న మనిషికి ఈ చట్టం తెరిచి ఉంచిన తలుపు అదే.

సెక్షన్ 185 బెయిలబుల్ నేరం. బెయిలు మీ హక్కు. రోడ్డు మీదే జరిమానా కట్టి రాజీ చేసుకునే నేరాల జాబితాలో మాత్రం ఇది లేదు, కేసు కోర్టుకే వెళుతుంది. అక్కడికక్కడే డబ్బు ఇస్తే అయిపోతుందని ఎవరైనా అంటే ఇవ్వవద్దు.

## 2. బండిలో ఎప్పుడూ ఉండవలసినవి

అనుమానం రాకముందే సిద్ధం చేసుకునే కాగితాలివి. రోడ్డు మీద వాదించడం కంటే కార్డు చూపించడం తేలిక.

- యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవారికి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు), దాని ఫోటో ఫోనులో కూడా.
- న్యూరాలజిస్టు లేదా మీకు వైద్యం చేసే స్పెషలిస్టు ఇచ్చిన ఒక పేజీ లేఖ. నడక, మాట, కంటి కదలిక, చేతి వణుకు మామూలు రోజుల్లో ఎలా ఉంటాయో అందులో ఉండాలి. "వైకల్యం ఉంది" అన్న ఒక్క ముక్క చాలదు.
- ఊపిరితిత్తుల జబ్బు ఉంటే స్పైరోమెట్రీ (ఊదే శక్తిని కొలిచే పరీక్ష) రిపోర్టు. మూతి వంకర పోయి గొట్టం చుట్టూ పెదవులు బిగించలేకపోతే ఆ విషయం రాసిన చీటీ.
- వాడే మందుల జాబితా. ఇన్సులిన్ తీసుకునేవారు షుగరు పరీక్ష మీటరు కూడా దగ్గర పెట్టుకోవాలి.
- మీ పరిస్థితిని కన్నడలో, ఇంగ్లిషులో రాసి లామినేట్ చేసిన చిన్న కార్డు. వినికిడి లోపం ఉన్నవారికి ఇది తప్పనిసరి.
- ఫోనులో ఒక నిమిషం వీడియో: మీరు మామూలుగా నడుస్తూ, తేదీ చెబుతూ, మాట్లాడుతూ ఉన్నది. కొన్ని నెలలకొకసారి కొత్తది తీసుకోండి.

బెంగళూరులో చాలాకాలంగా ఉన్నా కన్నడ తడుముకునేవారు మనలో ఎందరో. కంగారులో మాట మరింత తడబడుతుంది. కనీసం ఇవి నోటికి వచ్చేలా చూసుకోండి: "నాను కుడిదిల్ల. ననగె అంగవైకల్య ఇదె. ఊదలు ఆగువుదిల్ల. దయవిట్టు రక్త పరీక్షె మాడిసి." తాగలేదు, వైకల్యం ఉంది, ఊదలేను, దయచేసి రక్త పరీక్ష చేయించండి అని అర్థం. ఊదగలిగినవారు మూడో వాక్యాన్ని వదిలేయండి.

## 3. రోడ్డు మీద ఆపినప్పుడు

బండి పక్కకు ఆపి, ఇంజను కట్టేసి, చేతులు కనిపించేలా ఉంచండి. కాలిపర్ వేసుకున్నవారు, చంకకర్రలతో నడిచేవారు దిగమన్న వెంటనే దిగబోయి తూలిపడవద్దు. "సార్, దిగడానికి నాకు సమయం పడుతుంది, కర్రలు తీసుకోవాలి" అని ముందే చెప్పండి.

ఊదే ముందు నాలుగు విషయాలు గమనించండి:

- గొట్టం కొత్తదేనా? కాకపోతే మర్యాదగా మార్చమనండి.
- పరికరం తెర మీద ముందుగా సున్నా వచ్చిందా?
- గడిచిన పదిహేను నిమిషాల్లో ఇన్‌హేలర్, మౌత్‌వాష్, అరిష్టం, హోమియో చుక్కలు వాడారా?
- టైమెంత? మీ ఫోనులో నోట్ చేసుకోండి.

మూడో అంశం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. దశమూలారిష్టం, అశ్వగంధారిష్టం వంటివి పులియబెట్టి చేసేవి కాబట్టి వాటిలో సహజంగానే ఆల్కహాలు ఉంటుంది. పక్షవాతం తర్వాత నీరసానికి వీటిని వాడేవారు మన ఇళ్లలో చాలామంది. కొన్ని ఇన్‌హేలర్లలోనూ, మౌత్‌వాష్‌లలోనూ ఆల్కహాలు ఉంటుంది. ఒక్క మోతాదుతో రక్తంలో 30 దాటడం సాధారణంగా జరగదు. కానీ నోట్లో మిగిలిన తడి వల్ల ఆ కొద్ది నిమిషాలు పరికరం పెద్ద అంకె చూపించగలదు. పదిహేను నిమిషాల్లో అది పోతుంది. అందుకే, "ఇన్‌హేలర్ వాడాను, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేయండి" అని అడగండి. సెక్షన్ 203లోనే "ఒకటి లేదా అంతకంటే ఎక్కువ" నమూనాలు అని ఉంది, కాబట్టి రెండోసారి ఊదించడం చట్టానికి విరుద్ధం కాదు.

షుగరు ఉన్నవారికి మరో మాట. షుగరు పడిపోతే చెమటలు, తడబాటు, అయోమయం వస్తాయి. చూసేవారికి అచ్చం తాగినట్టే ఉంటుంది. అది ప్రాణాపాయం. ముందు మీటరు మీద షుగరు చూపించండి, గ్లూకోజు తీసుకోండి, అవసరమైతే 112కు ఫోను చేయించండి. మీటరులో ఆ అంకె, సమయం నమోదై ఉంటాయి. తర్వాత అదే సాక్ష్యం.

## 4. ఊదలేకపోతే ఏం చెప్పాలి

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పరికరానికి ఊపిరితిత్తుల లోపలి గాలి కావాలి. అందుకోసం కొన్ని సెకన్లపాటు ఆపకుండా ఊదాలి. సీవోపీడీ (శ్వాసనాళాలు మూసుకుపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు), కండరాల క్షీణత, గొంతుకు రంధ్రం చేసిన ఆపరేషను, ముఖ పక్షవాతం ఉన్నవారికి అది సాధ్యం కాకపోవచ్చు. గాలి చాలక పరికరం తప్పు చూపిస్తే, "కావాలనే ఊదడం లేదు" అని రాసుకుంటారు.

"ఊదను" అన్న మాట నోటి నుంచి రానివ్వవద్దు. ఈ వరుస పాటించండి:

1. ఒకసారి నిజాయితీగా ప్రయత్నించండి.
2. "ఊదలేకపోతున్నాను, కారణం ఇది" అని వైద్య లేఖ చూపించండి.
3. "రక్త పరీక్షకు సిద్ధంగా ఉన్నాను" అని వెంటనే చెప్పండి.
4. ఈ మూడూ రాసుకోమని అడగండి. రాయకపోతే మీరే మీ కుటుంబసభ్యుడికో స్నేహితుడికో ఫోనులో సందేశంగా పంపండి. అందులో సమయం నమోదవుతుంది.

ఈ క్రమం పాటిస్తే సెక్షన్ 205లోని "తగిన కారణం" మీ చేతిలో ఉన్నట్టే. నిరాకరణ వేరు, అశక్తత వేరు. ఆ తేడా తెలిసేలా చెప్పవలసింది మీరే.

## 5. స్టేషన్‌లో

మొదట అడగవలసిన ప్రశ్న: "నన్ను అరెస్టు చేశారా, లేక బండి తీసుకుని కోర్టు నోటీసు ఇస్తున్నారా?" చాలా కేసుల్లో రెండోదే జరుగుతుంది. అరెస్టు అయితేనే రెండు గంటల లెక్క మొదలవుతుంది. అందుకే అరెస్టు సమయం కాగితం మీద ఉండాలి.

అరెస్టు అయితే మీ హక్కులు:

- క్రిమినల్ కేసుల విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 2023 సెక్షన్ 47 ప్రకారం అరెస్టు కారణాలనూ, బెయిలు హక్కునూ చెప్పాలి. మీకు అర్థమయ్యే భాషలో, రాతపూర్వకంగా కారణాలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో స్పష్టం చేసింది. కన్నడ చదవలేనివారు ఈ మాట తప్పక ఎత్తాలి.
- సెక్షన్ 48 ప్రకారం మీవారికి కబురు చేయాలి.
- సెక్షన్ 53 ప్రకారం వైద్య పరీక్ష జరగాలి, ఆ రిపోర్టు ప్రతి మీకు ఇవ్వాలి.
- మహిళ అయితే సూర్యాస్తమయం తర్వాత అరెస్టుకు సెక్షన్ 43 ప్రత్యేక షరతులు పెట్టింది. అసాధారణ పరిస్థితి ఉండాలి, మహిళా పోలీసు అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి.

ఇంకొకటి ఉంది. దీని గురించి ఎవరూ చెప్పరు. అదే సంహిత సెక్షన్ 35(7) ప్రకారం మూడేళ్లకంటే తక్కువ శిక్ష ఉన్న నేరంలో బలహీన స్థితిలో ఉన్నవారినీ, అరవై ఏళ్లు దాటినవారినీ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. బెంగళూరు కమిషనరేటులో ఆ స్థాయి ఏసీపీది. మోటారు వాహనాల చట్టం ప్రత్యేక చట్టం కాబట్టి ఇది వర్తించదని పోలీసుల తరఫున వాదన రావచ్చు. అయినా మీ లాయరు ఎత్తవలసిన అంశమే. ఆ రాత్రి మీరు వాదనకు దిగనక్కరలేదు. "నాకు వైకల్యం ఉంది, ఏసీపీ గారి అనుమతి ఉందా?" అని అడిగి, వచ్చిన జవాబు గుర్తుపెట్టుకుంటే చాలు.

చంకకర్రలు, కృత్రిమ కాలు, వినికిడి యంత్రం, కాథెటర్ సామాను, మందులు మీ దగ్గరే ఉండాలి. వాటిని తీసి పక్కన పెడితే అభ్యంతరం చెప్పి డైరీలో రాయమనండి. వినబడనివారు సైగల భాష తెలిసిన వ్యక్తిని అడగాలి. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 12 న్యాయ ప్రక్రియలో వివక్ష లేకుండా చూడాలని చెబుతోంది.

అర్థం కాని కన్నడ కాగితం మీద సంతకం పెట్టవద్దు. తప్పనిసరైతే సంతకం పక్కన "చదివి వినిపించలేదు, నాకు కన్నడ రాదు" అని తెలుగులోనైనా రాసి, సమయం వేయండి.

## 6. రక్త పరీక్ష: మీ బలం ఇక్కడే

తాగనివారికి రక్త పరీక్ష శత్రువు కాదు, కాపాడే సాక్షి. అడిగి మరీ చేయించుకోండి.

ఆసుపత్రిలో గమనించవలసినవి:

- రక్తం తీసే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. ఆల్కహాలు లేని ద్రావణం వాడమనండి.
- సీసాలో సోడియం ఫ్లోరైడ్ వంటి నిల్వ పదార్థం ఉండాలి. లేకపోతే నమూనాలోనే పులిసి ఆల్కహాలు పుట్టే ప్రమాదం ఉంది.
- సీసా మీద పేరు, తేదీ, సమయం, సీలు.
- రక్తం తీసిన సమయాన్ని మీరూ రాసుకోండి.
- నమూనా ఇచ్చేది మహిళ, తీసేది పురుష డాక్టరు అయితే మరో మహిళ పక్కన ఉండాలి. ఇది సెక్షన్ 204లోనే ఉంది.

డాక్టరు మీ ఒంటిని చూసి "నడక తూలుతోంది, మాట ముద్దగా ఉంది, కనుపాపలు కదులుతున్నాయి" అని రాయవచ్చు. అవి మీ జబ్బు లక్షణాలేనని అక్కడే చెప్పండి. వైద్య లేఖ చూపించి, "రోగి పాత వైకల్యం గురించి తెలిపారు, పత్రం చూశాను" అన్న వాక్యం రాయమని వేడుకోండి. కేసు మొత్తంలో మీకు దొరికే అత్యంత విలువైన వాక్యం ఇదే కావచ్చు.

బయటికి వచ్చాక, పోలీసులు రక్తం తీసుకోకపోయినా సరే, సమయం మించకముందే ప్రైవేటు ల్యాబులో మీ ఖర్చుతో రక్త ఆల్కహాలు పరీక్ష చేయించండి. సెక్షన్ 204 చెప్పే ప్రయోగశాల ప్రభుత్వానిదో, ప్రభుత్వ గుర్తింపు ఉన్నదో. ప్రైవేటు రిపోర్టుకు అంత బరువు రాకపోవచ్చు గానీ, మీ మాటకు అది గట్టి ఊతం.

ఎందుకో లెక్క వేసి చూడండి. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు సుమారుగా గంటకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. బ్రెత్ ఎనలైజర్ 90 చూపిందనుకుందాం. రెండు గంటల తర్వాత రక్తంలో సుమారు 50 నుంచి 70 ఉండాలి. సున్నా వచ్చిందంటే ఆ 90 నమ్మదగినది కాదు.

## 7. మొదటి రెండు రోజులు

నిద్ర లేకపోయినా ఇవి వాయిదా వేయవద్దు.

- జరిగింది వరుసగా, సమయాలతో రాయండి. ఎవరేమన్నారో వారి మాటల్లోనే రాయండి.
- ఆ సాయంత్రం మీరు ఎక్కడ ఉన్నారో చూపే బిల్లులు, యూపీఐ రసీదులు, ఆఫీసు ప్రవేశ వివరాలు దాచండి.
- దారిలోని దుకాణం, పెట్రోలు బంకు, అపార్టుమెంటు కెమెరాల దృశ్యాలు అడగండి. కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి.
- మీకు వైద్యం చేసే డాక్టరును కలిసి పరీక్ష చేయించుకోండి. నాడీ సంబంధ సమస్య అయితే నిమ్హాన్స్ వంటి సంస్థ రిపోర్టుకు కోర్టులో విలువ ఎక్కువ.
- కింది దరఖాస్తును స్టేషన్‌లో ఇచ్చి, ప్రతి మీద ముద్ర వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.

కన్నడలోకో ఇంగ్లిషులోకో మార్పించుకోవలసిన నమూనా:

"స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. ఫలానా తేదీ, ఫలానా సమయంలో, ఫలానా చోట నన్ను సెక్షన్ 185 కింద ఆపారు. నాకు ఫలానా వైకల్యం ఉంది, యూడీఐడీ ప్రతి, వైద్య లేఖ జతచేస్తున్నాను. నేను మద్యం సేవించలేదు. రక్త పరీక్షకు సమ్మతి తెలిపాను. ఆ సమయంలోని బాడీ కెమెరా, స్టేషన్ సీసీటీవీ దృశ్యాలను భద్రపరచాలని, బ్రెత్ పరీక్ష చీటీ, పరికరం క్రమసంఖ్య, క్యాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్టు, వైద్య పరీక్ష రిపోర్టు ప్రతులు ఇప్పించాలని కోరుతున్నాను."

స్టేషన్లలో సీసీటీవీ ఉండాలని, దృశ్యాలను నిల్వ చేయాలని సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. అడిగిన తేదీ మీ దగ్గర ఉంటే, ఆ తర్వాత "దృశ్యాలు లేవు" అన్న జవాబు పోలీసులకే ఇబ్బంది తెస్తుంది.

## 8. లాయరు, ఖర్చు

వైకల్యం ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 12 దానికి ఆధారం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా సరే, అర్హత ఉంది. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగులలో కర్ణాటక రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

సొంతంగా లాయరును పెట్టుకుంటే ఒక్క ప్రశ్న అడగండి: "బ్రెత్ పరీక్ష చేసిన అధికారిని ఇంతకుముందు క్రాస్ ఎగ్జామినేషన్ చేశారా?" "నేరం ఒప్పుకుని జరిమానా కట్టేద్దాం, మధ్యాహ్నానికి అయిపోతుంది" అనేవారి దగ్గర ఆగవద్దు.

## 9. కోర్టులో

నేరం ఒప్పుకోవడం తేలికగా కనిపిస్తుంది. కానీ ఒప్పుకుంటే తర్వాత అప్పీలు దారి దాదాపు మూసుకుపోతుంది. శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్నదే మిగులుతుంది. లైసెన్సు మీద ప్రభావం వేరే. మరోసారి పొరపాటున ఆపితే "రెండో నేరం" లెక్కలో పడతారు. తాగని మనిషి ఒప్పుకోకూడదు.

మొదటి వాయిదాలో అడగవలసినవి:

- మీ మీద ఆధారపడే పత్రాల ప్రతులు.
- ప్రతిసారీ రావడం కష్టమైతే స్వయంగా హాజరు నుంచి మినహాయింపు. నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 228, 355 కింద అడగవచ్చు.
- చక్రాల కుర్చీకి వీలైన గది, సైగల భాష సహాయం, తెలుగు అనువాదకుడు. దేనికైనా లిఖితపూర్వక దరఖాస్తు పెట్టండి.
- పోలీసులు ఇవ్వని పరికరం రికార్డులు తెప్పించడానికి సంహిత సెక్షన్ 94 కింద దరఖాస్తు. సమాచార హక్కు చట్టం కింద కూడా అడగవచ్చు గానీ, విచారణలో ఉన్న కేసని నిరాకరించే అవకాశం ఉంది. కోర్టు ద్వారా అడగడమే మేలు.

అధికారిని అడిగించవలసిన ప్రశ్నలు లాయరుకు రాసివ్వండి:

1. పరికరం ఏ రకం? దాన్ని ఆమోదించిన గెజిట్ నోటిఫికేషన్ ఏది?
2. చివరిసారి క్యాలిబ్రేషన్ ఎప్పుడు జరిగింది? ఎవరు చేశారు?
3. ముందుగా సున్నా పరీక్ష చేశారా? చీటీ ఉందా?
4. డ్రైవరును ఆపిన తర్వాత ఎన్ని నిమిషాలకు ఊదించారు? నోట్లో ఏమైనా ఉందేమో అడిగారా?
5. తాగాడన్న అనుమానం ఎందుకు వచ్చింది? నడకా? మాటా? ఆ రెండూ వైకల్యం వల్లనేనని డ్రైవరు చెప్పారా?
6. యూడీఐడీ కార్డు చూపించారా? అది కేసు షీటులో ఎందుకు లేదు?
7. స్టేషన్‌లో రెండోసారి ఊదే అవకాశం ఇచ్చారా?
8. డాక్టరు దగ్గరికి ఎన్ని గంటలకు తీసుకెళ్లారు?

అయిదో ప్రశ్న దగ్గర నిదానించమని లాయరుకు చెప్పండి. బచుభాయి హసనల్లి కర్యానీ కేసులో సుప్రీంకోర్టు 1971లోనే వాసన, తూలే నడక, తడబడే మాట, పెద్దవైన కనుపాపలను బట్టి మాత్రమే తాగాడని తేల్చలేమంది. ఆ కేసులో మూత్ర పరీక్ష జరగలేదు, రక్తాన్ని పరీక్షకు పంపినా ఆ రిపోర్టును కోర్టు ముందు పెట్టలేదు. మీ కేసు కాగితాల్లో అంకె లేకుండా లక్షణాలే ఉంటే ఈ తీర్పు నేరుగా పనికొస్తుంది. అంకె ఉంటే మాత్రం పోరాటమంతా ఆ అంకె మీదనే.

రెండు గంటల నియమం తప్పితే కేసు దానంతటదే కొట్టుకుపోతుందని కొందరు చెబుతారు. చట్టం అలా అనలేదు. కస్టడీ నుంచి వదలాలని మాత్రమే ఉంది. అయితే పరీక్ష ఎంత నిర్లక్ష్యంగా జరిగిందో చూపడానికి ఆ ఆలస్యం ఉపయోగపడుతుంది.

డాక్టరును సాక్షిగా పిలిపించండి. ఉత్తరం చదవడం కంటే డాక్టరు బోనులో నిలబడి "ఈ మనిషి ఉదయం పదింటికి కూడా ఇలాగే నడుస్తాడు" అని చెప్పడం మేజిస్ట్రేటుకు బాగా తెలుస్తుంది.

## 10. బండి, లైసెన్సు

పక్క చక్రాలు బిగించిన స్కూటరు కొందరికి కాళ్లతో సమానం. దాన్ని స్టేషన్‌లో పెట్టుకుని రాత్రి పూట రోడ్డు మీద వదిలేస్తే ఇంటికి చేరే దారి ఉండదు. ముందుగా, లైసెన్సు ఉన్న, తాగని బంధువో మిత్రుడో వచ్చి బండి తీసుకెళ్లేందుకు అనుమతి అడగండి. ఒప్పుకోకపోతే కోర్టులో సంహిత సెక్షన్ 497 లేదా 503 కింద విడుదల దరఖాస్తు వేయండి. వాహనాలను స్టేషన్లలో నెలల తరబడి ఎండకూ వానకూ వదిలేయకూడదని సుప్రీంకోర్టు సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో 2002లో చెప్పింది. ఆ వాహనం లేకపోతే ఉద్యోగానికి వెళ్లలేరని ఆఫీసు లేఖ జతచేయండి.

లైసెన్సును మోటారు వాహనాల చట్టం సెక్షన్ 206 కింద స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపుతారు. తీసుకున్నప్పుడు రసీదు తప్పనిసరిగా అడగండి. అదే చట్టం సెక్షన్ 19 కింద అనర్హత వేసే ముందు మీ మాట వినాలి. ఆ నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకోవద్దు. ఆదేశం వస్తే 30 రోజుల్లో అప్పీలు చేయాలి. లైసెన్సు ఆంధ్రప్రదేశ్‌దో తెలంగాణదో అయి అందులో పాత చిరునామా ఉంటే, నోటీసు ఊళ్లో తాళం వేసిన ఇంటికి వెళ్లి మీకు తెలియకుండానే గడువు దాటిపోతుంది. ఊళ్లో పోస్టు చూసుకునేవారికి ముందే చెప్పి ఉంచండి.

## 11. తరచుగా జరిగే తప్పులు

- కోపంతో "ఊదను, ఏం చేసుకుంటారో చేసుకోండి" అనడం. దిద్దుబాటు: వెంటనే మాట మార్చి రక్త పరీక్షకు సమ్మతి చెప్పండి, సమయం నోట్ చేయండి.
- వైకల్యం గురించి సిగ్గుపడి దాచడం. దిద్దుబాటు: మర్నాడే లిఖితపూర్వకంగా తెలపండి. ఆలస్యమైన కొద్దీ కట్టుకథ అంటారు.
- ఒకే కేసులో పొంతన లేని నాలుగు కారణాలు చెప్పడం. ఇన్‌హేలర్ అయితే ఇన్‌హేలర్, ఊదలేకపోవడం అయితే అదే. ఒకటి నిలబెట్టండి.
- షుగరు ఉంది కాబట్టి పరికరం తప్పు చూపిందని గుడ్డిగా వాదించడం. ఫ్యూయల్ సెల్ (రసాయన చర్యతో ఆల్కహాలును కొలిచే) రకం పరికరాలు, షుగరు ఉన్నవారి శ్వాసలో కనిపించే అసిటోన్‌కు పెద్దగా స్పందించవు. ముందు పరికరం రకం తెలుసుకోండి.
- వీడియోను సామాజిక మాధ్యమాల్లో పెట్టడం. అందులోని ఒక్క తప్పు మాట కోర్టులో మీ మీదికే వస్తుంది. లాయరుకు ఇవ్వండి.

## 12. అవమానించి ఉంటే, బీమా అడ్డుపడితే

నడక చూసి పదిమందిలో ఎగతాళి చేయడం, కర్రలు లాక్కోవడం వేరే విషయం. దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 92 ప్రకారం వైకల్యం ఉన్నవారిని అందరి ముందు కావాలని అవమానించడం ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కేసు నడుస్తుండగా ఈ ఫిర్యాదు ఎప్పుడు వేయాలో లాయరుతో మాట్లాడి నిర్ణయించండి. తేదీలు, మాటలు రెండు చోట్లా ఒకేలా ఉండాలి.

ఆ రాత్రి ప్రమాదం కూడా జరిగి ఉంటే బీమా సంస్థ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించవచ్చు. క్రిమినల్ కేసు కొట్టేస్తే క్లెయిము దానంతటదే రాదు. బ్రెత్ పరీక్ష, రక్త పరీక్ష లేకపోయినా ఇతర సాక్ష్యాలతో మద్యం ప్రభావాన్ని బీమా సంస్థ నిరూపించవచ్చని 2021లో పెర్ల్ బెవరేజెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల వైద్య లేఖ, ప్రైవేటు ల్యాబు రిపోర్టు, యూడీఐడీ ప్రతి క్లెయిము ఫారంతోపాటే మొదటి రోజే జతచేసి, నష్టం అంచనా వేసే సర్వేయరు చేతికి ఇచ్చినట్టు సంతకం తీసుకోండి.